ముప్పై ఆరు ఫొటోల్లో లేని సముద్రం

మా ఇంట్లో ఒక ఆల్బం ఉంది. రీలు కడిగిస్తే స్టూడియోవాళ్ళు ఊరికే ఇచ్చే రకం. అట్ట మీద కొబ్బరిచెట్టూ, పడవా, కుంకుతున్న సూర్యుడూ అచ్చు వేసి ఉంటాయి. లోపల ముప్పై ఆరు ఫొటోలు. తొంభైల మధ్యలో ఒక మే నెలలో మేము మద్రాసు నుంచి దక్షిణంగా, సముద్రం పక్కపక్కనే ఐదు రోజులు తిరిగి వచ్చినప్పటివి. ఇంటికొచ్చినవాళ్ళు అట్ట చూసి ముచ్చటపడి తెరుస్తారు. నాలుగు పేజీలు తిప్పాక ఏమనాలో తోచక నా మొహం చూస్తారు. ఆ ముప్పై ఆరింటిలో సముద్రం ఒక్కదాంట్లోనూ లేదు.

మరి ఏమున్నాయంటే కొట్ల బోర్డులున్నాయి. మెడలో దండతో మా నాయన ఉన్నాడు. ఆయన పక్కన చేతులు కట్టుకుని కొట్టు యజమాని, వెనక బస్తాలు, బస్తాల మీద తూకంరాళ్ళు. ఒక ఫొటోలో గోడ మీది క్యాలెండర్ మనుషులకంటే బాగా పడింది. సముద్రయాత్ర ఫొటోలు ఇవి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నాయనది పసుపు, కుంకుమ, కర్పూరం టోకు వ్యాపారం. హార్బరుకు దగ్గరగా పాత మద్రాసు సందుల్లో కింద కొట్టు, పైన ఇల్లు. మా బడి పుస్తకాలు కూడా కర్పూరం వాసన వేసేవి. సముద్రం మా మిద్దె మీది నుంచి కూతవేటు దూరం. కానీ మాకు కనపడేది హార్బరు గోడ, గోడ మీద క్రేన్లు, అంతే. ఓడ కూత వినపడేది. నీళ్ళు కనపడేవి కావు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగి, సముద్రాన్ని చెవులతో మాత్రమే ఎరిగిన పిల్లలం మేము, నేనూ తమ్ముడూ.

మా అమ్మ నెల్లూరు పక్కనుంచి వచ్చింది. పెళ్ళికాక ముందు ప్రతి మాఘ పౌర్ణమికీ వాళ్ళమ్మ ఆమెను ఎద్దులబండిలో మైపాడు తీసుకుపోయేదట. తెల్లవారుతుండగా నడుములోతు నీళ్ళలో నిలబెట్టి, ముక్కు మూసుకోమని, అల వచ్చే అదును చూసి మూడు మునకలు వేయించేదట. ఈ సంగతి అమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పేటప్పుడు చేతిలో పని ఆగిపోయేది. పెళ్ళై మద్రాసుకు వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆమె మళ్ళీ సముద్రంలో మునగలేదు. మెరీనాకు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఇసుకలో కూర్చుని సుండల్ గుగ్గిళ్ళు తిని వచ్చింది. "ఇంతమంది నడమ మునిగి, తడిచీరతో ఎట్లా లేచొస్తావు?" అన్నాడు నాయన. ఆయన మాత్రం పంచె ఎగగట్టి మోకాళ్ళదాకా దిగాడు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సముద్రాన్ని ఊరికే తాకకూడదని అమ్మ నమ్మకం. పౌర్ణమికీ అమావాస్యకూ మాత్రమే దిగాలి, మిగతా రోజుల్లో దూరం నుంచి దండం పెట్టుకోవాలి. మేము నవ్వినా ఆమె ఆ మాట తప్పేది కాదు. కనుక ఆమె కోరిక తీరాలంటే ఊరూ కుదరాలి, తిథీ కుదరాలి, నాయనా కుదరాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ ప్రతి నెలా కుదిరేవి.

ఆ ఏడు తమ్ముడు పన్నెండో తరగతి పరీక్షలు రాశాడు. నేను కాలేజీలో రెండో ఏడు పూర్తి చేశాను. ఈసారైనా ఎక్కడికైనా తీసుకుపొమ్మని ఇద్దరం నాయన ప్రాణం తీశాం. ఆయన ఊ అనగానే అమ్మ గోడకున్న క్యాలెండర్ దగ్గరికి పోయి నిలబడింది. వేలితో లెక్క పెట్టింది.

"సోమవారం బయల్దేరినామంటే శుక్రవారానికి తరంగంబాడిలో ఉంటాం కదా. ఆ పొద్దు అమావాస్య. నేనాడ మునుగుతా," అంది.

అడగలేదు. చెప్పింది. అమ్మ నోట అలాంటి మాట నేను అంతకు ముందు వినలేదు.

"సెరి, అట్నే కానీ," అన్నాడు నాయన. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇరవై ఏళ్ళు కుదరని మనిషి అంత తేలిగ్గా కుదిరేసరికి నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా నాయన మనసు మెత్తబడిందని మురిసిపోయాను.

అమ్మ ఒక వైరు బుట్ట సర్దుకుంది. ఎరుపూ తెలుపూ వైరుతో తనే అల్లుకున్న బుట్ట. అందులో ఒక పాత ఆకుపచ్చ నేతచీర, ఒక పెద్ద ఈరోడు తువ్వాలు, సముద్రానికి ఇవ్వడానికి చిన్న పొట్లంలో పసుపూ కుంకుమా. ఆ బుట్టను మిగతా సామాన్లతో కలపనివ్వలేదు. వ్యానులో తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. వ్యాను వెనక భాగమంతా నాయన ఎక్కించిన కర్పూరం డబ్బాలు. కొత్త సరుకు, శాంపిళ్ళు. అప్పుడైనా నాకు అర్థమై ఉండాలి.

మా కులపువాళ్ళకు, మా వ్యాపారంవాళ్ళకు ఒక మర్యాద ఉంది. దాన్ని ఎవరు పెట్టారో గానీ వాళ్ళు దొరికితే కడిగేద్దామని ఉంది నాకు. సరుకు తీసుకునే మనిషి ఊరి మీదుగా పోతూ అతని కొట్టు గడప తొక్కకుండా పోకూడదు. తొక్కితే కూర్చోవాలి. కూర్చుంటే ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. వేసుకున్నాక ఇంటికి రమ్మంటాడు, పోవాలి. పోతే ఆకు వేస్తారు. ఆకు ముందు నుంచి లేచాక "వస్తాం" అని వెంటనే లేచిపోతే ఏదో మనసులో పెట్టుకుని పోతున్నారని అనుకుంటారు, కనుక ఒక గంట ఫ్యాను కింద కూర్చోవాలి. మద్రాసు నుంచి నాగపట్నం దాకా పసుపు కుంకుమ అమ్మని ఊరు ఉంటుందా? అన్నీ గుళ్ళున్న ఊళ్ళే. మా నాయన సరుకు పోని ఊరు ఆ తీరం మీద లేదు.

మహాబలిపురంలో పొద్దున తొమ్మిదికి దిగాం. పదకొండున్నర దాకా గుడి ముందు కొట్లో కూర్చున్నాం. ఒంటిగంటన్నర దాకా ఆ కొట్టాయన ఇంట్లో. ఆయన భార్య అమ్మకు తన చీరలన్నీ తీసి చూపించింది. అమ్మ ప్రతి చీర అంచునూ పట్టి చూసి "బావుండాది" అంది. సాయంత్రం నేనూ తమ్ముడూ గొడవ పెడితే సముద్రం దగ్గర ఇరవై నిమిషాలు వదిలారు. మేము నీళ్ళలోకి పరుగెత్తాం. అమ్మ మా చెప్పులు రెండు జతలూ చేతిలో పట్టుకుని, అల తాకని చోట పొడి ఇసుకలో నిలబడింది. అల కాస్త ఎక్కువ దూరం వస్తే రెండడుగులు వెనక్కి వేసేది.

"దిగరాదామ్మా, ఎవరు చూస్తుండారు?" అన్నాను.

"ఇంకా నాలుగు రోజులుండాది గదా," అంది నవ్వుతూ. ఈ ప్రయాణానికని కొన్న కొత్త కెమెరా అప్పుడు నాయన దగ్గరే ఉంది. నాయన మళ్ళీ ఆ కొట్లోనే ఉన్నాడు.

పాండిచ్చేరిలో నాకు సగం పిచ్చెక్కింది. ఆ వీధులు, ఆ పసుపు గోడలు, ఆ గోడల మీద కాగితం పూలు, సముద్రం వెంబడి పొడుగ్గా సాగే ఆ రోడ్డు, ఇవన్నీ నేను పత్రికల్లో చూసి కలలు కన్నవి. రెండు రోజులు ఆ ఊళ్ళో ఉండి నేను చూసింది మూడు కొట్లు, రెండు భోజనాల హాళ్ళు, ఒక గోడౌను. రెండో రోజు సాయంత్రం ఎట్లాగో అందరం బీచి రోడ్డు మీదికి చేరాం. అమ్మ రాళ్ళకట్ట మీద కూర్చుని గాలికి కళ్ళు మూసుకుంది. పది నిమిషాలు కాలేదు. వాకింగుకు వచ్చిన ఒక పెద్దమనిషి నాయనను చూసి "మొదలాళీ", అంటే షావుకారూ, అంటూ రెండు చేతులూ చాచి వచ్చాడు. నాలుగో కొట్టు. ఆయన మమ్మల్ని అక్కడి నుంచి లేపి వాళ్ళింటికి తీసుకుపోయి కేసరి పెట్టాడు. ఆ కేసరి పక్కన పెట్టి నేను నాయన వంక చూసిన చూపుకు వేరే ఎవరైనా అయితే లేచి వచ్చేవారు. నాయన ఇంకో స్పూను వేయించుకున్నాడు.

కడలూరులో కొట్టాయన ఊళ్ళో లేడని తెలిసి నేనూ తమ్ముడూ వ్యానులోనే చేతులు కలుపుకున్నాం. లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. కొడుకు లేనప్పుడు వచ్చినవాళ్ళను తినకుండా పంపితే ఎట్లాగని ఆమె అప్పటికప్పుడు బియ్యం నానబోసింది. పిండి రుబ్బి, పులిసేదాకా ఆగలేక అడ అనే మందపాటి దోసెలు పోసింది. మూడు గంటలు పట్టింది. ఆ ముసలామె మీద నాకు కోపం లేదు. కూర్చోమంటే కూర్చునే మా నాయన మీదనే కోపం.

"నాయనా, మనం సముద్రం చూడను వచ్చినామా, మనుషుల్ని చూడనా?" అని వ్యానెక్కాక అడిగేశాను.

"మనుషులుంటేనేమ్మా అన్నీ. సముద్రం యాడికి పోతాది?" అన్నాడు.

ఆ మాట అమ్మ కూడా విన్నది. బుట్టను కాళ్ళతో కొంచెం దగ్గరికి జరుపుకుంది.

గురువారం దీపాల వేళకు తరంగంబాడి చేరాం. నాయన ఖాతాదారుల్లో అందరికంటే పెద్ద ఇల్లు ఇతనిది. పాత కోటకు పోయే వీధిలోనే ఉంది. వీధి అరుగు మీద నిలబడితే అలల చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. అమ్మ వ్యాను దిగగానే ఆ చప్పుడు వచ్చే వైపు తిరిగి నిలబడింది. నేను ఆమె మొహం చూశాను. ఆ మొహం కోసమైనా మూడు ఊళ్ళ మర్యాదల్నీ క్షమించవచ్చనుకున్నాను.

లోపల హాల్లో బల్ల మీద కార్డుల కట్ట కనపడింది. నాలుగు మూలలా పసుపు పూసిన తమిళ ఆహ్వానపత్రికలు. తీసి చదివాను. ఆ ఇంటాయన బజారులో రెండో కొట్టు తెరుస్తున్నాడు. శుక్రవారం, అమావాస్య, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది లోపల. మద్రాసు నుంచి మొదలాళి కుటుంబసమేతంగా వచ్చి దీపం వెలిగిస్తారని కింద అచ్చు వేసి ఉంది. తమిళంవాళ్ళకు అమావాస్య మంచిరోజు, కొత్త పనులు ఆ రోజే మొదలుపెడతారు. మాకు కాదు. అందుకే ఆ కోణం మా ఎవరికీ తట్టలేదు. నాయనకు తప్ప.

ఆ కార్డు నేను అంతకు ముందు చూశాను, తీసి చదవలేదంతే. మద్రాసులో మా కొట్లో, నాయన మేజా మీద, కాగితాల బరువు కింద. పదిహేను రోజుల నుంచీ అక్కడే ఉంది. అమ్మ క్యాలెండర్ దగ్గర వేలితో లెక్క పెట్టిన రోజున కూడా అక్కడే ఉంది. నాయన ఆలోచించకుండా ఊ అన్నది ఇందుకు.

అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్న నాయన దగ్గరికి కార్డు పట్టుకుని పోయాను. "ఇదేంది నాయనా?"

"అదేలే. ఒకే తిరుగుడులో రెండు పనులూ అయిపోతుండాయి. తప్పేముంది దాంట్లో?"

"అమ్మ మునగాలన్న పొద్దు అది."

"మునుగుతుందిలే. పూజ తొమ్మిదికల్లా అయిపోతాది. సముద్రం ఈ వీధి చివరే గదా."

నేను పోయి అమ్మకు అంతా చెప్పాను. మోసం చేశాడన్నాను. ఆ మాటే అన్నాను. అమ్మ తలగడ కవర్లు మారుస్తోంది. చేతిలోది తొడిగి పక్కన పెట్టింది. తరువాత "అయితే ఏందిలే, వీధి చివరే గదా," అని నాయన మాటనే తిరిగి అప్పచెప్పింది. ఆ క్షణాన నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇంత ఓర్పు ఎవరికి కావాలి? ఆమె పోట్లాడితే నేను వెనక నిలబడి ఉండేదాన్ని. పోట్లాడకపోతే నేనేం చేయాలి?

శుక్రవారం తెల్లారి ఐదున్నరకు అమ్మ బుట్ట చేత పట్టుకుని వీధి తలుపు దగ్గర ఉంది. అంత పొద్దున్నే పోయి వచ్చేద్దామని ఆమె ఆలోచన. నేను నిద్రకళ్ళతో చూస్తున్నాను. ఇంటామె ఒక చేత్తో ముగ్గుచిప్పా, ఇంకో చేత్తో మల్లెమొగ్గల పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. "అక్కా, మీ చేత్తోనే దీపం పెట్టాలి, మీ ఇంటి కర్పూరమే వెలిగించాలి, ముందు స్నానం చేసి పట్టుచీర కట్టుకోండి" అని తమిళంలో గడగడా చెప్పింది. నాయన లోపలి నుంచే "పూజకు ముందర ఆడికి పోయి ఇసకకాళ్ళతో వస్తావా? అయినాక పోదువులే" అన్నాడు. అమ్మ బుట్టను తలుపు వెనక పెట్టి బావి దగ్గరికి పోయింది.

ఎనిమిదికి దీపం వెలిగింది. అమ్మే వెలిగించింది. ఫొటో ఉంది, ఇరవై ఎనిమిదో నెంబరు. దాని తరువాత పని అయిపోవాలి కదా. కాలేదు. వచ్చిన ముత్తైదువలందరికీ పసుపు, కుంకుమ, తాంబూలం ఇవ్వాలి. సరుకు మా కొట్టుది, కనుక ఇచ్చే చెయ్యి కూడా మా ఇంటిదే అయితే శుభమని ఆ ఇంటాయన అన్నాడు. నాయన తల ఊపాడు. వీధివీధంతా ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. పదిన్నరకు రాహుకాలం. దానిలోపల మేము నాగపట్నానికి బయలుదేరాలని నాయన ముందే చెప్పాడు. అంటే అమ్మ చేతిలో ఉన్నది రెండున్నర గంటలు. అవి కుంకుమ భరిణె మీద కరుగుతున్నాయి.

అప్పుడు అమ్మ నన్ను పిలిచింది. కొట్టు వెనక గదిలో, కొబ్బరికాయల రాశి పక్కన.

"నువ్వొక గంట నా బదులుగా నిలబడు. పెళ్ళికాని పిల్ల ఇస్తే ఇంకా మంచిదే, ఎవరూ ఏమనరు. నేను పోయి మునిగి బిరబిరా వచ్చేస్తా," అంది. గొంతు తగ్గించి అంది, దొంగతనం చేస్తున్నట్టు.

నా జవాబు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

"నేను నిలబడను. నాయన ఖాతాదారుడి కొట్లో నేనెందుకు కుంకం పంచాలి? ఐదు రోజులుగా ఇదే బాగోతం. పంచమన్న మనిషినే పంచుకోనీ. నువ్వు కూడా వదిలేసి రా, అంతే."

నేను న్యాయం మాట్లాడుతున్నానని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నాయనకు బుద్ధి రావాలంటే ఎవరో ఒకరు కాదనాలి, ఆ కాదనే మనిషిని నేనే అనుకుని గుండె ఉప్పొంగింది. వదిలేసి రావడం అమ్మ చేతిలో లేదని నాకు తెలియదా? ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని. ఆమె చేయగలిగినదల్లా ఒకటే, తన చోట ఇంకొక ఆడదాన్ని నిలబెట్టడం. ఆ ఊళ్ళో ఆమెకు అట్లా ఉన్నది నేనొక్కదాన్నే.

"సెరి, పో," అంది అమ్మ. కోపంగా కాదు. భరిణె తీసుకుని ముందుగదిలోకి పోయింది.

నేను ఎక్కడికి పోయాను? సముద్రానికి. తమ్ముడిని వెంటేసుకుని, కోట పక్కనుంచి విసవిసా నడుచుకుంటూ, దారి పొడుగునా నాయనను తిడుతూ పోయాను. ఒడ్డున అమావాస్య స్నానాలకు వచ్చిన జనం ఉన్నారు. పంతులు పక్కన పెద్దవాళ్ళకు తిలోదకాలు ఇస్తున్నవాళ్ళు, పిల్లల చేతులు పట్టుకుని నీళ్ళలోకి దిగుతున్న తల్లులు. తడిచీరలతో ఎంతమంది ఆడవాళ్ళు లేచి వస్తున్నారో. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. ఇది చూపించైనా నాయన నోరు మూయించాలనుకున్నాను. అనుకుంటూనే చున్నీ తీసి తమ్ముడి చేతికిచ్చి దిగాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మోకాళ్ళు, నడుము, మెడ. అల వచ్చినప్పుడు ముక్కు మూసుకుని మునిగాను. అమ్మ చెప్పినట్టే, మూడుసార్లు. లేచాక కోపమంతా పోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అదే నన్ను ఇప్పటికీ కాల్చేది, ఆ హాయి.

ఒడ్డుకొచ్చి ఇసుకలో కూర్చున్నాకే అమ్మ గుర్తుకొచ్చింది. అప్పటికి తొమ్మిదిన్నర దాటింది. జాలేసింది. నా దగ్గర ఖాళీ మంచినీళ్ళ సీసా ఉంది, ప్లాస్టిక్‌ది. దాన్ని అలకు అడ్డం పెట్టి నింపాను. నింపుతుంటే నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

మేము తిరిగి వచ్చేసరికి అమ్మ వడ్డిస్తోంది. కొట్లో కుంకుమ పంచడం అయిపోయి ఇంటి దగ్గర టిఫిన్లు మొదలయ్యాయట. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి, బకెట్టు చేత్తో పట్టి, ఆకుల మధ్య వంగుతూ లేస్తూ ఉంది. నాయన చేతి గడియారం చూసుకుంటున్నాడు. "ఇంక లేటయిపోయింది. రాహుకాలంలో బయల్దేరితే బాగుండదు. ఈ సారికి పోనీలే, ఇంకో అమావాస్యకు తీసుకొస్తా," అన్నాడు, మిఠాయి కొనిపెట్టని పిల్లకు చెప్పినట్టు.

అమ్మ బకెట్టు కింద పెట్టింది. ఏదో అనబోయింది. ఆమె అనేలోపల నేను సీసా పైకెత్తాను.

"నేను తెచ్చినాను. నెత్తిన చల్లుకుంటే మునిగినట్టే గదా."

ఒక్క నిమిషం అందరూ నా వంక చూశారు. ఆ తరువాత ఆ ఇంటామె చేతులు జోడించింది. ఇంటాయన పకపకా నవ్వాడు. నాయన మొహం వెలిగిపోయింది. "చూసినావా, నా కూతురంటే ఇది. మనం పోకపోతే ఏం, సముద్రాన్నే నీ దగ్గరికి తెచ్చింది," అన్నాడు. అందరి నెత్తి మీది బరువూ దిగిపోయింది. ఎవరూ తప్పు చేయలేదిప్పుడు. నేనూ చేయలేదు. అమ్మ ఏమనబోయిందో ఇక ఎవరూ అడగలేదు. నేను కూడా ఇన్నేళ్ళలో అడగలేదు.

పెరట్లో బావి పక్కన బట్టలుతికే రాయి మీద కూర్చోబెట్టారు ఆమెను. పట్టుచీర తడవకుండా ఇంటామె ఒక గుడ్డ భుజాల మీద కప్పింది. నేను వెనక నిలబడి సీసా మూత తీశాను. వంచుతుంటే అమ్మ కళ్ళు మూసుకుంది. కుడిచేత్తో ముక్కు మూసుకుంది.

ఎవరూ నవ్వలేదనుకుంటాను. నవ్వారేమో, నాకు గుర్తులేదు. సీసాలో నీళ్ళు అరలీటరు కూడా లేవు. సగం జడలో నుంచే కారిపోయాయి. అమ్మ ముక్కు వదలలేదు. నీళ్ళు అయిపోయాక కూడా కాసేపు అట్లాగే కూర్చుంది. నాయన అప్పుడే కెమెరా నొక్కాడు. రీలులో చివరిది, ముప్పై ఆరో ఫొటో. అందులో అమ్మ ముక్కు మూసుకుని ఉంటుంది, నేను ఖాళీ సీసాతో పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతూ ఉంటాను. ఇంటికొచ్చినవాళ్ళు ఆ పేజీకి వచ్చేలోపల నేను కాఫీ కలుపుతానని లేస్తాను.

ఆ తరువాత ఎన్నో అమావాస్యలు వచ్చాయి. తరంగంబాడి దాకా రోడ్డు బాగుపడింది. అమ్మ మళ్ళీ క్యాలెండర్ దగ్గర నిలబడలేదు. అడగలేదు కనుక తీరిపోయిందని మేమంతా సర్దుకున్నాం. "మా అమ్మాయి సముద్రాన్ని సీసాలో తెచ్చింది" అని నాయన ఇప్పటికీ చుట్టాలకు చెబుతాడు. చెప్పినప్పుడల్లా ఆయన నోరు నొక్కాలనిపిస్తుంది. నొక్కడానికి నాకేం హక్కు ఉంది? ఐదు రోజులు నాయన ఆమెకు సముద్రాన్ని అడ్డుకున్నాడు, నిజమే. ఆఖరి గంట ఆమె చేతికి అందబోతే, ఆయన చేయలేని పని నేను చేశాను. అదీ న్యాయం పేరు చెప్పి.

ఆ రోజు రాయి మీది నుంచి లేచి అమ్మ వీధి తలుపు వెనక నుంచి బుట్ట తెచ్చింది. పాత ఆకుపచ్చ చీర మడత విప్పకుండా పక్కన పెట్టి, అడుగు నుంచి ఈరోడు తువ్వాలు తీసింది. తన తల తుడుచుకుంటుందనుకున్నాను. నన్ను పట్టి రాయి మీద కూర్చోబెట్టింది. నా జుట్టు నుంచి ఇంకా ఉప్పునీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులా తువ్వాలు వేసి, చిన్నప్పటిలాగా, కుదుళ్ళ దాకా గట్టిగా తుడవడం మొదలుపెట్టింది.

"అలలు పెద్దవిగా ఉండాయా?" అని అడిగింది.

"ఊ."

"యాడిదాకా పోయినావు?"

"మెడదాకా," అన్నాను, గొప్పగా.

"మంచిపని చేసినావు," అంది అమ్మ. తువ్వాలు తిరగేసి పొడి వైపుతో మళ్ళీ తుడిచింది.